కుంకుమ రంగు దీపం

నమోదు 1

డాక్టర్ మృదుల రాయమంది కాబట్టి రాస్తున్నాను. రాయడం కంటే బరువులెత్తడమే నాకు తేలికని ఆవిడతో అన్నాను. ఇప్పుడు అదీ తేలికగా లేదుగా అసిరీ, అని నవ్వింది. డాక్టర్లకు అంత నోరు ఉండకూడదు.

సరే, ఇవాళ్టి సంగతి. పొద్దున మంచు తొట్లు కడిగాను. గనిలోంచి వచ్చే మంచులో బూడిదలాంటి దుమ్ము ఉంటుంది, అది గొంతులో పడితే ఒక పట్టాన దగ్గు వదలదు. తర్వాత ఎముకల గంట. ఇక్కడ చంద్రుడి మీద ఒళ్ళు దూదిపింజలా ఉంటుంది. అలా వదిలేస్తే ఎముకలు అప్పడాలైపోతాయని గట్టుపేటలో ప్రతి మనిషీ రోజూ కాసేపు బరువు కొట్టంలో ఉండి తీరాలి. కొట్టం గిర్రున తిరగడం మొదలుపెడితే కాళ్ళకు భూమి బరువు వస్తుంది. పిల్లలు ఏడుస్తారు, ముసలివాళ్ళు తిట్టుకుంటూ కునుకు తీస్తారు. నేను మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ గంట కోసమే ఎదురుచూసేదాన్ని, ఎందుకంటే రాళ్ళు అక్కడే ఉంటాయి.

మూడు రాళ్ళు, చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా: చెల్లి, అప్ప అంటే అక్క, అమ్మ. మా పూర్వీకులు శ్రీకాకుళం వైపు పండగలకు సంగిడి రాళ్ళు ఎత్తేవారట. ఇక్కడికి వచ్చిన మొదటివాళ్ళు ఆ సరదా చావక ఇక్కడి నల్లరాతినే గుండ్రంగా చెక్కి పెట్టుకున్నారు. ఏటా అమ్మోరి పండగకు, అవతలి గట్టువాళ్ళకూ మాకూ పోటీ. అమ్మను భుజం మీదికి ఎత్తి, గంట కొట్టేదాకా నిలబడాలి. వాళ్ళు ఎత్తి మేం ఎత్తలేకపోతే అమ్మ వాళ్ళ ఊరు వెళ్ళిపోతుంది. మేం ఎత్తితే ఎక్కడికీ పోదు.

గట్టుపేట తరఫున ఎత్తేదాన్ని నేను. మూడు పండగలు వరసగా ఎత్తాను. నిరుడు మోకాలి దాకా తెచ్చి వదిలేశాను. అవతలివాళ్ళ మనిషి కూడా చతికిలబడ్డాడు కాబట్టి పరువు దక్కింది. ఈసారి అలా జరగదు. వాళ్ళకు ఢిల్లేశ్వరి అని కొత్త పిల్ల దొరికింది. అచ్చం అమ్మంత బరువున్న రాయిని చంటిపిల్లను చంకనేసుకున్నట్టు ఎత్తుతోందట. ఆ మాట చెప్పడానికి ఇప్పటికి ఎంతమంది మా ఇంటి గుమ్మం ఎక్కారో.

నమోదు 2

ఇవాళ కూడా సింహాద్రి నన్ను అమ్మ దగ్గరికి పోనివ్వలేదు. అతను కొట్టానికి కాపలాదారు, పోటీకి తీర్పరి. తప్పు అతనిది కాదు, నా మెడ కింద ఉన్న దీపానిది.

నిబ్బరం దీపం పెట్టుకోకుండా మా పేటలో ఎవరూ గడప దాటరు. గుండె కుదురుగా ఉంటే ఆకు రంగు, బెదిరితే పసుపు, మరీ బెదిరితే కుంకుమ. ఆకు వెలగనిదే ఏ తలుపూ తెరుచుకోదు, గనిలో మర తిరగదు. కంగారుపడ్డ మనిషి ఒక్కడు బయటి తలుపు తప్పుగా తీశాడంటే పేటంతా గాలి లేక పోతుంది, అందుకని ఈ రూలును ఎవరూ కాదనరు. ఎదురుపడితే "ఆకేనా?" అని పలకరించుకుంటాం. పెళ్ళిచూపుల్లో ముందు చూసేది దీపాన్నే, తర్వాతే ముక్కూ మొహమూ. నిరుడు పండగ ముందు అవతలి గట్టులో ఒకడు కంగారులో మెడ ఎముక విరగ్గొట్టుకున్నాడని రాళ్ళకు కూడా అదే రూలు తెచ్చారు. ఆకు వెలిగితేనే రాతి మీద చెయ్యి.

చెల్లిని ఎత్తాను, ఆకు. అప్పను ఎత్తాను, ఆకు. అమ్మ వైపు తిరిగానో లేదో, పసుపు. వెనక్కి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. చింతపండు ఉండ బుగ్గన పెట్టుకున్నాను. ఎక్కాలు వెనక నుంచి ముందుకు చదివాను. పేటలో అందరి చిట్కాలూ ఇవే, అందరికీ పనిచేస్తాయి. చేతులకు సుద్ద రుద్దుకునేసరికి మళ్ళీ పసుపు.

ఎముకల గంటకు వచ్చిన ఆడవాళ్ళు తల పక్కకు తిప్పుకున్నారు. ఒకరి పసుపు దీపాన్ని ఇంకొకరు చూడటం మర్యాద కాదు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

నమోదు 3

డాక్టర్ గెలిచింది. ఆవిడ నేర్పిన ఊపిరి కసరత్తు పంతం పట్టి చేశాను. తొట్లు కడుగుతూ చేశాను, కూర తరుగుతూ చేశాను. పొట్ట నిండా పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా వదలాలి. అమ్మను అమ్మ అనుకోవద్దు, పక్కనున్న గోడ అనుకో అంది. అనుకున్నాను. ఇవాళ అమ్మ ముందు నిలబడితే దీపం ఆకు వెలిగింది. సింహాద్రి నాకంటే ఎక్కువ సంబరపడిపోయి అమ్మకు అడ్డంగా కట్టిన గొలుసు తీశాడు.

వంగి పట్టుకున్నాను. ఎత్తాను. అమ్మ కదల్లేదు. మోకాలి సంగతి దేవుడెరుగు, నేల మీంచి వేలెడు కూడా లేవలేదు. చేతుల్లో బలం ఉంది, దాన్ని లేపేవాళ్ళు లేరు. కడుపునిండా తిని చాప మీద వాలిన మనిషిని పిలిచి రాయెత్తమన్నట్టుంది. దీపం మాత్రం లేత ఆకులా మెరుస్తూనే ఉంది. పైన పటారం, లోన లొటారం.

ఇన్నాళ్ళూ దీపమే అడ్డమనుకున్నాను. అది పక్కకు తప్పుకున్నా ఎత్తలేకపోయాను. అంటే అడ్డం నేనేనన్నమాట. ఇంటికొచ్చి గంజి కలుపుకుంటుంటే అప్పుడు వేసింది నాకు అసలు భయం. నా పని అయిపోయిందేమో. అమ్మ నా చేతుల మీదుగానే ఊరు దాటిపోతుందేమో.

నమోదు 4

లచ్చన్న మామతో చెప్పేశాను, ఈ ఏడు వేరేవాళ్ళను పెట్టుకోమని. మామ నన్ను కన్న అమ్మకు తమ్ముడు. చెల్లి రాయి నా నడుందాకా వచ్చే వయసు నుంచి నాకు ఎత్తడం నేర్పినవాడు. మోకాళ్ళు అరిగిపోయి తను ఎత్తడం మానేశాడు గాని, నా మీద అరవడం మానలేదు. ఇవాళ అరవలేదు. అదే నన్ను హడలగొట్టింది.

"ఏరే ఎవులున్నారే? నీ ఎనకాల అప్పనెత్తినోలే నేరు," అన్నాడు. "ఒగ్గీ, నానొద్దన్ను. గాని ఓడిపోయి ఒగ్గీ. ఓడిపోతానేమోనని ఒగ్గీకు."

వదిలేసేది ఓడాకేనని తేల్చి, చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళాడు. ఈ పిల్ల అమ్మను ఎత్తిన మూడేళ్ళూ కొట్టంలో దీపం రూలు లేదు, దీపం తీసి పక్కన పెట్టి ఎత్తేది, అప్పుడు గనక దీపం చూసి ఉంటే ఏ రంగు ఉండేదని అడిగాడు. ఆవిడ నా వైపు తిరిగి ఆ రోజుల్లో ఎలా ఉండేదానివో చెప్పమంది. దాచడం ఎందుకని చెప్పాను. పొద్దున్నుంచీ చేతులు మంచు తొట్టిలో పెట్టినట్టు ఉండేవి. రాయిని పట్టుకునేదాకా మోకాళ్ళు వణికేవి. ఒక పండగకైతే అన్నం తినమన్నాడని మామ మీదికి కంచం విసిరాను.

"నేనే పొరబడ్డాను అసిరీ," అంది డాక్టర్. "దీపానికి గుండె వేగం తెలుస్తుంది, చేతి చెమట తెలుస్తుంది. అవి భయంతో వచ్చాయో, పనికి సిద్ధమై వచ్చాయో దానికి తెలీదు. ఒళ్ళు రెండింటికీ ఒకేలా పరిగెడుతుంది. నీ భయం తగ్గిస్తున్నాననుకుని సత్తువను కూడా నిద్రపుచ్చాను."

మామ మోకాళ్ళు రాసుకుంటూ వాళ్ళమ్మ సంగతి ఎత్తుకున్నాడు. "మాయమ్మకి అమ్మోరు పూనేముందు మోకాళ్ళే వణికీవి. భయపడిపోతందని ఎవులూ అనీవోరు కాదు. అమ్మోరొత్తంది, తప్పుకోండిరా అనీవోరు." నా దీపం వైపు చూసి నవ్వాడు. "అయినా పసుపూ కుంకమూ ఆడకూతురికి సెడ్డవని ఎవులు సెప్పినారే నీకు?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ వణుకు నా శత్రువు కాదు. ఏడాదిగా దాన్నే గుమ్మంలోంచి తరుముతున్నాను. వేరేవాళ్ళను పెట్టుకోమన్న మాట వెనక్కి తీసుకున్నాను. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా. కాకపోతే చిక్కు చిక్కుగానే ఉంది. వణుకు రావాలి, వస్తే పసుపు, పసుపైతే సింహాద్రి గొలుసు తియ్యడు.

నమోదు 5

ఇవాళ పేట పైకప్పు మీద వేడి వదిలే జాలీలు దులిపే వంతు నాది. గాలి కోటు తొడుక్కుని బయటి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆకు. తలుపు తెరుచుకుంది, వెనక మూసుకుంది. నిచ్చెన సగం ఎక్కేసరికి, ఎప్పటిలాగే, పసుపు. నాకు ఎత్తు పడదు. చీపురు చేతిలోంచి జారినప్పుడల్లా దాని తాడు పట్టి లాక్కుంటూ జాలీలు దులిపాను, దిగాను. దులుపుతుంటే తట్టింది. తలుపు నా రంగును ఒక్కసారే అడిగింది. లోపలికి వచ్చేదాకా మళ్ళీ అడగలేదు.

రాతి రూలు కూడా అంతేగా. ఆకు వెలిగితేనే రాతి మీద చెయ్యి. చెయ్యి వేశాక ఏ రంగు ఉండాలో అందులో లేదు. కానీ మేమంతా చివరిదాకా ఆకే ఉండాలని నమ్మాం. నమ్మమా మరి, ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి మాకు పాడే జోలపాటే అది. పసుపైతే పక్కన పెట్టు. చేతిలో గిన్నె ఉన్నా, సుత్తి ఉన్నా, పసుపు వెలిగితే కింద పెట్టేస్తాం. ఆలోచించి పెట్టం, చేతులే పెట్టేస్తాయి.

అప్పుడు నిరుటి పండగ కళ్ళకు కట్టింది. అమ్మను మోకాలి దాకా తెచ్చాను. గడ్డం కింద పసుపు వెలుగు పడింది. చేతులు విడిపోయాయి. ఏడాది పాటు బలం చాలక వదిలేశాననుకున్నాను. బలం చాలింది. చేతులు జోలపాట విన్నాయి, అంతే.

పరుగున వెళ్ళి మామకు చెప్పాను. అప్పటికప్పుడే మొదలుపెట్టాం. డాక్టర్ ఊపిరితో ఆకు తెచ్చుకుని చెయ్యి వెయ్యడం. వేశాక ఊపిరిని దాని మానాన వదిలేసి, వణుకును రమ్మని పిలవడం. పిలవడానికి నాకు కష్టమేమీ లేదు. అవతలి గట్టువాళ్ళు అమ్మను తాళ్ళతో బండికి కడుతున్నట్టు తలచుకుంటే చాలు. పసుపు వెలిగింది. చేతులు విడిపోయాయి. మళ్ళీ వేశాను, మళ్ళీ విడిపోయాయి. నా వేళ్ళ మీద నాకే అసహ్యం పుట్టింది.

నమోదు 6

రోజూ అదే పని. దీపం పసుపైన ప్రతిసారీ మామ నా వెనక నిలబడి "పట్టు" అంటున్నాడు. అరచి అరచి గొంతు పోయి ఇప్పుడు బల్లిలా కిచకిచలాడుతున్నాడు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అని ఆడవాళ్ళు నాకు వినబడేలానే అనుకుంటున్నారు. అననీ. ఇవాళ అమ్మ నడుందాకా వచ్చింది. దీపం పసుపు దాటి కుంకుమయింది. చేతులు విడిపోలేదు.

సింహాద్రి కొట్టం ఆపేశాడు. కుంకుమ దీపంతో రాయి ఎత్తడం తన కళ్ళతో చూడలేనన్నాడు, నేను చస్తే ఆ పాపం తనదన్నాడు. అతని దీపమే పసుపైంది పాపం. డాక్టర్ వచ్చి రూలు పైకి చదివింది. చెయ్యి వేసే క్షణం గురించే అందులో ఉంది, తర్వాతి సంగతి లేదు. పోటీ రోజు నా పక్కనే నిలబడతాననీ, గుండె అదుపు తప్పితే తనే ఆపుతాననీ మాటిచ్చింది. సింహాద్రి తల ఊపాడు గాని నా వైపు చూడలేదు.

సాయంత్రం ఢిల్లేశ్వరి వచ్చింది. పోటీకి ముందు రెండు ఊళ్ళ వాళ్ళూ కలిసి అమ్మకు నీళ్ళు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టడం ఆచారం. ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు. భుజాలు తలుపుల్లా ఉన్నాయి. అప్పా అప్పా అంటూ చెంబు నా చేతిలోంచి లాక్కుని తనే పోసింది. ఇంతవరకూ ఎప్పుడైనా రాయి జారిందా అని అడిగాను. లేదంది. పసుపు వెలగడం ఎలా ఉంటుందప్పా, నొప్పిగా ఉంటుందా, అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగా తెలీక అడిగింది. ఏదో ఒకటి చెప్పి మాట మార్చాను. ఆ పిల్ల మీద నాకు కుళ్ళు పుట్టింది. నచ్చింది కూడా.

అమ్మను ఇంతవరకూ నడుం దాటించలేదు. పండగ రేపే.

నమోదు 7

ఇది బరువు కొట్టంలోనే కూచుని రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

అతిథులుగా వచ్చినవాళ్ళది మొదటి వంతు. ఢిల్లేశ్వరి అమ్మకు దణ్ణం పెట్టి, చెయ్యి వేసి, ఎత్తి, భుజాన పెట్టుకుంది. మధ్యలో ఆగింది లేదు, మొహం మాడ్చింది లేదు. మొదటి నుంచి చివరిదాకా ఆకే. సింహాద్రి గంట కొట్టాడు. అవతలి గట్టువాళ్ళ అరుపులకు కొట్టం కంపించింది. వాళ్ళు బండీ తాళ్ళూ అప్పుడే గుమ్మం దగ్గరికి తెచ్చి పెట్టారు.

ఇక నేను ఎత్తకపోతే అమ్మ వెళ్ళిపోతుంది. లేవకముందే నా దీపం కుంకుమయింది. ఈసారి ఎవరూ తల తిప్పుకోలేదు, అందరూ చూశారు. కన్నం చెంబులో నీళ్ళు పోసి వేలాడదీశారు. అవి కారిపోయేలోగా ఆకు రాకపోతే వంతు పోయినట్టే. గొలుసు ముందు నిలబడి డాక్టర్ ఊపిరి మొదలుపెట్టాను. కుంకుమ అలాగే ఉంది. నీళ్ళు సగానికి వచ్చాయి. మామ వైపు చూద్దామనుకుని మానుకున్నాను. అమ్మను గోడ అనుకున్నాను, నిన్న కడిగిన తొట్టి అనుకున్నాను. పసుపు. చెంబు అడుగున చుక్కలు పడుతున్నాయి. గెలుపు వద్దు, ఒక్కసారి చెయ్యి వెయ్యనిస్తే చాలు అనుకున్నాను. ఆకు వెలిగింది. సింహాద్రి ఒక్క అంగలో వచ్చి గొలుసు తీశాడు.

చెయ్యి వేశాను. రాయి చల్లగా, పసుపు తడితో జారుడుగా ఉంది. మొదటివాళ్ళ దగ్గర్నుంచీ పట్టి పట్టి అరిగిన గుంటల్లో నా వేళ్ళు కూచున్నాయి. అప్పుడు వణుకుకు తలుపు బార్లా తీశాను. రా అన్నాను. బండి, తాళ్ళు, ఖాళీ అయిన చోటు, ఎముకల గంటకు వచ్చి ఆ చోటు చూసే పిల్లలు, అన్నీ తలచుకున్నాను. మోకాళ్ళు వణికాయి. వణుకు తొడల్లోకి, నడుములోకి, భుజాల్లోకి పాకింది. గడ్డం కింద పసుపు పడింది. పక్కన పెట్టు, పక్కన పెట్టు అని జోలపాట చెవుల్లో హోరెత్తింది. మామ గొంతు పూర్తిగా పోయింది, ఆయన అనలేడు. "పట్టు," అని నేనే అన్నాను.

అమ్మ లేచింది. మోకాలు దాటింది. నడుం దగ్గర ఆగింది, అక్కడే ఎప్పుడూ ఆగేది. దీపం కుంకుమయింది, నా చేతులు కూడా ఆ వెలుగులో ఎర్రగా ఉన్నాయి. ఇంత భయం నా జన్మలో పడలేదు. అదంతా నాదే, ఒక్క చుక్క కూడా పారబొయ్యలేదు, అంతా చేతుల్లోకి పంపాను. భుజం మీదికి ఎప్పుడు వచ్చిందో తెలీదు. చెంపకు రాతి చల్లదనం తగిలితే తెలిసింది.

సింహాద్రి గంట కొట్టాడు. తర్వాత కొట్టడం ఆపడం మరిచిపోయాడు.

పండగ అయిపోయింది. కొట్టం ఆగింది, ఒళ్ళు మళ్ళీ దూదైంది. డాక్టర్ నాడి చూసి, బతికే ఉన్నావు, రాయడం మాత్రం మానొద్దు అంది. ఊరు ఊరంతా తలుపులోంచి ఒక్కొక్కరే బయటికి వెళ్ళారు. నా వంతు వచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు. దీపం ఇంకా కుంకుమే. రూలు కదా అప్పా అని సింహాద్రి తల గోక్కున్నాడు. పరవాలేదన్నాను. వెళ్ళి అమ్మకు ఆనుకుని కూచున్నాను. ఆరే తొందర దీపానికి లేదు, నాకూ లేదు. మామ గంజి పంపించాడు.

ఢిల్లేశ్వరి వెనక్కి తిరిగి వచ్చింది. దాని దీపం ఆకే, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు. వచ్చి నా ఎదురుగా గొంతుక్కూచుంది.

"కుంకమైపోయినా ఒగ్గనేదేటి అప్పా?" అంది.

నిన్న మాట మార్చినదంతా ఇవాళ చెప్పాను. చేతుల సంగతి, జోలపాట సంగతి, మామ వాళ్ళమ్మ సంగతి. వచ్చే ఏడు ఈ పిల్లే నా ఎదురుగా నిలబడుతుందని తెలిసే చెప్పాను. నిలబడనీ, నేనూ ఊరుకోను. నోరు తెరుచుకుని వింది. తర్వాత రాతి వైపు చూసి, "ఎప్పుడో ఓ రోజు నాకూ వత్తాదేటి అది?" అని అడిగింది.

అడుగుతుండగానే దాని మెడ కింద పసుపు వెలిగింది. వచ్చి అక్కడే నిలిచింది. దాని మొహం పాలిపోయింది, చెయ్యి అడ్డం పెట్టి దీపాన్ని దాచుకుంది.

"దాసీకు," అన్నాను. "రానీ."

ఇక ఇద్దరికీ తలుపు తెరుచుకోదు. జరిగి, అమ్మ పక్కన దానికి కాస్త చోటిచ్చాను.